అనుమానము ఋజువు కాదు

అపరాధ పరిశోధక నవల యను మాట చెవిని బడగానే మన పెద్దలు మొగము చిట్లింతురు. "పరీక్షలు దగ్గరపడుచుండగా నీ కాలక్షేపపు పుస్తకము లేల?" అని మందలింతురు. పిల్లలా, అట్టి పుస్తకమును లెక్కల పుస్తకము చాటున దాచుకొని చదువుదురు. ఈ యుభయ పక్షములవారికిని మేము విన్నవింపదలచిన దొకటి కలదు. ఇటీవల మేము దూరదేశపు ద్వీపమొకటి రంగస్థలముగా గల యపరాధ పరిశోధక నవలను జదివితిమి. చదివి ముగించిన నాటి రాత్రి మాకు చాలసేపు నిద్ర పట్టలేదు. హంతకు లెవరో తెలిసిన యాశ్చర్యముచేత గాదు. ఆ కథలోని గ్రామస్థులతో గలసి, మేమును ఋజువు రాకమునుపే ఒక మనిషికి మనస్సులో శిక్ష విధించితిమని తెలిసికొన్నందున.

ఆ నవల పేరు 'రావెన్ బ్లాక్'. ఆన్ క్లీవ్స్ అను నాంగ్ల రచయిత్రి దానిని 2006వ సంవత్సరమున ప్రకటించెను. ఆ యేడే బ్రిటనులోని నేరకథా రచయితల సంఘమువారు ఉత్తమ నవలకిచ్చు డంకన్ లారీ డాగర్ అను బహుమానమును దాని కిచ్చిరి. రచయిత్రి 1970లలో, తన యౌవనమున, షెట్లాండ్ ద్వీపములలో నొకటియగు ఫెయిర్ ఐల్‌లోని పక్షి పరిశీలన కేంద్రమున వంటశాలలో పనిచేసినది. కావున ఆమె వర్ణించిన గాలి, మంచు, సముద్రము పటమును జూచి వ్రాసినవి కావు. ఒక శీతకాలమున మంచుపై రావెన్ అనబడు పెద్ద నల్లకాకులను జూచినప్పుడే యీ కథ తనకు దోచెనని ఆమెయే చెప్పియున్నది.

షెట్లాండ్ ద్వీపములు స్కాట్లాండు ప్రధాన భూభాగమునకు ఉత్తరముగా నూరుమైళ్లకు పైబడిన దూరమున, అట్లాంటిక్ మహాసముద్రమునకును ఉత్తర సముద్రమునకును నడుమ నున్నవి. చిన్నవియు పెద్దవియు గలసి సుమారు 100 దీవులు. అందు జనులు నివసించునవి దాదాపు 16 మాత్రమే. జనసంఖ్య యంతయు గలిపి సుమారు 23,000. ఆ దీవులు పూర్వము నార్వే, డెన్మార్కు దేశముల నేలిన రాజుల యధీనములో నుండెను. 1469లో మొదటి క్రిస్టియన్ రాజు తన కుమార్తెకు కట్నముగా నీయవలసిన సొమ్ము చేతలేక, వానిని స్కాట్లాండు రాజునకు తాకట్టు పెట్టెను. సొమ్ము చెల్లలేదు, తాకట్టును విడువలేదు. నేటికిని ఆ దీవుల గ్రామనామములలో పాత నార్వే భాష వినవచ్చుచున్నది.

అచ్చట చెట్లు బహు తక్కువ. ఎచ్చట నిలిచినను సముద్రము మూడుమైళ్లకు మించిన దూరమున నుండదు. డిసెంబరు మాసమున పగలు ఆరుగంటలైనను నిండదు. జూన్ మాసమున నర్ధరాత్రమునందు సైతము పూర్తిగా చీకటి పడదు. అబర్డీన్ రేవులో సాయంకాలము బయలుదేరిన యోడ మరునాటి యుదయమునకు లెర్విక్ పట్టణము చేరును. తుపాను లేచినచో నోడయు లేదు, విమానమును లేదు. ఇట్టిచోట నేరము జరిగెనేని, చేసినవాడు పారిపోవుట కష్టము. అనుమానింపబడినవాడు తప్పించుకొనుట యంతకంటెను కష్టము.

ఇక కథ. నూతన సంవత్సరము ప్రవేశించిన రాత్రి. రావెన్స్‌విక్ అను చిన్న పల్లెయొద్ద, మిట్టమీది యింటిలో మాగ్నస్ టేట్ అను వృద్ధుడు ఒంటరిగా గూర్చుండి, అతిథులెవరైన రాకపోవుదురా యని యెదురుచూచుచుండును. అతని గడప త్రొక్కువారు లేరు. ఏలయన, ఎనిమిది సంవత్సరములకు ముందు ఆ పల్లెలో కాట్రియోనా అను చిన్న బాలిక కనబడకుండ బోయెను. మాగ్నసే యామెను జంపియుండునని పల్లెయంతయు నమ్మెను. పోలీసువారు పట్టుకొని పోయి ప్రశ్నించి, ఋజువు లేక విడిచిపెట్టిరి. న్యాయస్థానము శిక్షింపలేదు, పల్లె మాత్రము నాటినుండి యతనిని వెలివేసినది. ఆ రాత్రి యిద్దరు బడి బాలికలు, శాలీ, కాథరిన్ అనువారు, వేడుకకై యతని తలుపు తట్టుదురు. కొలది దినములలో కాథరిన్ మెడకు కట్టుకొనిన గుడ్డయే యురిగా, మంచులో శవమై కనబడును. చుట్టును నల్లకాకులు.

తరువాత నేమి జరిగెనో చదువరులు చెప్పకయే యూహింపగలరు. అందరి వ్రేళ్లును మిట్టమీది యింటివైపు చూపబడెను. మాగ్నస్ మాట నెమ్మది. బుద్ధి మందమని పల్లెవారి తలంపు. భయపడినప్పుడు అసందర్భముగా నవ్వుమొగము పెట్టును. ఇంటిలో నొక నల్లకాకిని పంజరమున బెట్టి పెంచుచున్నాడు. ఇవి చాలవా? పల్లెవారికి చాలెను. నిజము చెప్పవలసినచో, చదువుచున్న మాకును చాలెను. కథ సగమైన గాకముందే "ఈతడే" యని మేము నిశ్చయించుకొంటిమి. ఒక్కసారి పుస్తకము మూసి, "ఎందువలన?" అని మమ్ము మేము ప్రశ్నించుకొనగా, మాయొద్ద నున్న కారణము లన్నియు నివియే: ఒంటరివాడు, వింతగా నవ్వును, కాకిని పెంచును, అందరు నట్లే యనుచున్నారు. వీనిలో నొక్కటియు ఋజువు కాదు.

మాగ్నస్ దోషియా, నిర్దోషియా యన్నది మేమిచ్చట చెప్పము. చదువబోవువారి యానందమును దొంగిలించుట పాపము. అదిగాక, మా వాదమునకు దాని యవసరమును లేదు. అతడు నిర్దోషి యైనచో పల్లెవారు చేసినది యన్యాయమని యెల్లరు నొప్పుకొందురు. దోషియే యైనను, తెలియకముందు తెలిసినట్లు నిశ్చయించుట తప్పేయని మా యభిప్రాయము. గ్రుడ్డిగా విసరిన రాయి తగిలినంతమాత్రమున విసరినవాడు గురికాడని చెప్పుదుమా?

ఈ కథ ద్వీపమున నేల జరుగవలయును? మహానగరమున ఎదురింటివారి పేరైనను మన మెరుగము. ద్వీపములో నెవరి తాత యెవరి పొలము కొన్నాడో, ఎవరి పడవ యెప్పుడు మునిగినదో అందరికిని తెలియును. ఇందు మంచియు గలదు. ఒకరి యింట కష్టము వచ్చినచో పిలువకయే పదిమంది వత్తురు. బిడ్డ తప్పిపోయినచో నూరంతయు వెదకుటకు బయలుదేరును. సముద్రము నడుమ ఒకరి నొకరు కనిపెట్టి యుండనిచో బ్రతుకే లేదు. కాని యా కనిపెట్టుటయే ఒక్కొక్కప్పుడు కాపలాగా మారును. ఒకని గూర్చి పది సంగతులు తెలియుటచేత అతనిని తెలిసికొంటిమని భ్రమపడుదుము. మాగ్నస్ వయసు, ఇల్లు, వంశము పల్లె కెల్ల దెలియును. ఆ ఎనిమిది సంవత్సరములలో నతడు రాత్రులెట్లు గడపెనో యొక్కరైన నెరుగరు, ఎరుగగోరలేదు. ఈ నవలలోని గొప్పతన మిదియేయని మేము తలంతుము.

నేరమును పరిశోధించు జిమ్మీ పెరెజ్ అను ఇన్‌స్పెక్టరును రచయిత్రి యెన్నిక చేసిన తీరు గూడ గమనింపదగినది. అతడు ఫెయిర్ ఐల్‌లో పుట్టినవాడు. అయినను పేరు స్పెయిను దేశపుది. 1588లో స్పెయినువారి మహానౌకాదళమునకు జెందిన 'ఎల్ గ్రాన్ గ్రిఫాన్' అను నోడ ఫెయిర్ ఐల్ తీరమున బగిలిపోయెను. అందలి సుమారు 300 మంది కొన్ని వారములపాటు, ఆ చిన్న దీవిలోని కొలదిపాటి కుటుంబముల నాశ్రయించి బ్రతికిరి. ఇది చరిత్ర. ఆ నావికులలో నొకని సంతతివాడే పెరెజ్ అని రచయిత్రి కల్పన. కావున నతడు ద్వీపవాసి, పరాయివాడు, రెండును. మరియు ఫెయిర్ ఐల్ పిల్లలు పైతరగతుల చదువునకై నిజముగానే యిల్లువిడిచి లెర్విక్ పట్టణమునకు వచ్చి విద్యార్థి వసతిగృహమున నుండవలయును. పెరెజ్ యు నట్లే చదివి, ఆ వసతిగృహమున తోడి బాలురచేత బాధలు పడినవాడు. వేధింపబడినవాని మౌన మెట్లుండునో అతనికి దెలియును. అందుచేతనే యతడు గద్దింపడు, తొందరపడడు. ఎదుటివారు చెప్పునది కడవరకు వినును. మాగ్నస్ ఎదుట గూర్చుండి మనిషితో మాటలాడునట్లు మాటలాడిన వారిలో నతడొకడు.

"ఇది యంతయు కల్పన గదా" యని కొందరందురేమో. కల్పన కానిదానిని చెప్పెదము. బొంబాయికి చెందిన పార్సీ యొకడు, షాపూర్‌జీ ఎదల్జీ అనువాడు, క్రైస్తవుడై, ఇంగ్లండులోని గ్రేట్ వైర్లీ యను పల్లెకు గురువుగా బోయెను. అతని కుమారుడు జార్జి బర్మింగ్‌హామ్ పట్టణమున న్యాయవాది. 1903లో ఆ పల్లెలో రాత్రివేళ నెవరో పశువులను, గుఱ్ఱములను కత్తితో గోయుచుండిరి. పల్లెవారి దృష్టి జార్జిపై బడెను. నల్లని మేను, ముందుకు పొడుచుకొనివచ్చిన వింత కన్నులు, ఎవరితోను గలియని స్వభావము: అనుమానించుటకు అవే కారణములైనవి. న్యాయస్థాన మతనికి ఏడేండ్ల కఠినశిక్ష విధించెను. పదివేలమంది విన్నపము చేసికొనగా, మూడేండ్లు గడచిన పిదప 1906లో విడుదల చేసిరి. నిర్దోషియని మాత్రము చెప్పలేదు.

అప్పుడు షెర్లాక్ హోమ్స్ కథలను వ్రాసిన సర్ ఆర్థర్ కోనన్ డాయిల్ కలము పట్టెను. అతడు కంటివైద్యము నభ్యసించిన వైద్యుడు. ఒక హోటలులో జార్జి తనకై వేచియుండి, వార్తాపత్రికను కన్నుల కత్యంత సమీపమున పట్టి చదువుచుండుట చూచినంతనే, ఇంత చూపులేనివాడు చీకటిరాత్రి పొలములకడ్డముగా బోయి గుఱ్ఱమును గాయపరచుట యెట్లను ప్రశ్న యతని మనస్సున బుట్టెను. 1907 జనవరిలో పత్రికలో వ్యాసములు వ్రాసెను. ఆ సంవత్సరమే మే నెలలో ప్రభుత్వము జార్జికి క్షమాపణ ప్రసాదించెను. నష్టపరిహారముగా చిల్లిగవ్వ యైన నీయలేదు. నేరములపై మరల విచారించు పునర్విచారణ న్యాయస్థానమును ఇంగ్లండులో స్థాపించు చట్టము 1907లోనే వచ్చుటకు, ఇట్టి యన్యాయములపై జనులలో బుట్టిన యాందోళన యొక కారణము. పల్లెయంతయు చూచిన కన్నులనే యతడును జూచెను. పల్లెవారు వానిలో నేరమును జూచిరి. అతడు ఋజువును జూచెను. అపరాధ పరిశోధక కథలు వ్రాయు చేయి ఒక నిరపరాధికి మానమును తిరిగి యిప్పించినదనుట కల్పన కాదు.

ఇంగ్లండు వరకు బోనేల? మా యనుభవమే యొకటి చెప్పి సిగ్గుపడుదుము. చిన్ననాడు మేమొక వసతిగృహమున నుండి చదువుచుండగా, ఒకనాడు సహాధ్యాయి యొకని పరీక్షరుసుము, ఐదువందల రూపాయలు, పెట్టెలోనుండి మాయమయ్యెను. ఆ యేడు క్రొత్తగా చేరిన బాలుడొకడు మాలో నుండెను. కొండప్రక్క పల్లెనుండి వచ్చినవాడు, మాట తక్కువ, రాత్రులు లేచి మంచినీళ్ల కుండయొద్దకు బోవు నలవాటు గలవాడు. ఎవడు మొదట ఆ పేరు పలికెనో మాకు జ్ఞాపకము లేదు. సాయంకాలమునకు అందరు నదే పలుకుచుంటిమి. అతని పెట్టెను మేమే బోర్లించితిమి. రెండు చొక్కాలు, ఒక దుప్పటి, తల్లి పంపిన జంతికల పొట్లము తప్ప నేమియు దొరకలేదు. దొరకకపోవుటయే వాని తెలివికి గుర్తని చెప్పుకొంటిమి. భోజనమునకు వాని ప్రక్కన నెవరును గూర్చుండలేదు. పదునైదు దినముల తరువాత తండ్రి వచ్చి, బదిలీ పత్రము తీసికొని, కుమారుని వెంటబెట్టుకొని పోయెను. సంవత్సరాంతమున, డబ్బు పోగొట్టుకొన్న బాలుడు తన పాత పుస్తకములను అమ్మబోవుచు భూగోళపటముల పుస్తకమును దులుపగా, ఐదువందల రూపాయలు నేలరాలెను. మేమందరము వాని జూచి నవ్వితిమి. ఒక్కరము నా కొండప్రక్క పల్లెకు ఉత్తరమైన వ్రాయలేదు.

మా వసతిగృహమున నలువది మంచములు, చుట్టును గోడ, గేటునకు తాళము. అదియు నొక ద్వీపమే. బడియు, వీధియు, సంఘమును అట్టి ద్వీపములే. 'రావెన్ బ్లాక్' చదివిన రాత్రి మాకు నిద్ర లేకుండ జేసినది మాగ్నస్ టేట్ కాదు. ఆ జంతికల పొట్లము.

ఇప్పుడు పెద్దల యాక్షేపణకు వత్తము. నేరకథలు చదివినచో పిల్లల మనస్సులు క్రూరములగునని కొందరందురు. వారి భయము పూర్తిగా నిరాధారము కాదు. నెత్తురును, భీతిని అమ్ముకొను పుస్తకములు కలవు; వానిని మేము సమర్థింపము. ఈ నవలయును చిన్న తరగతుల పిల్లలకు దగినది కాదు. పై తరగతులవారు సైతము ఉపాధ్యాయుల నడిగి చదువుట మేలు. కాని మంచి యపరాధ పరిశోధక కథ మృత్యువును వేడుక చేయదు. సత్యమును వెదకుటను నేర్పును. ఫాదర్ బ్రౌన్ అను చిన్నపాటి గురువును పరిశోధకునిగా జేసి చెస్టర్టన్ వ్రాసిన కథల తొలి సంపుటము 1911లో వెలువడెను. రోనాల్డ్ నాక్స్ అను క్రైస్తవ గురువు 1929లో ఇట్టి కథలకు పది నియమములు వ్రాసెను. పరిశోధకునికి దొరకిన యాధారములను చదువరికి దాచరాదన్నది వానిలో నొకటి. అనగా రచయిత మనయెదుట సమస్తమును బరచి, "ఇక నీవు నిర్ణయింపుము" అని యడుగును. తప్పు నిర్ణయించినచో తప్పు మనదే. తర్కశాస్త్రపు పాఠము ఇంతకంటె బాగుగా బోధింపవచ్చునా?

విద్యార్థులారా, మీకొక సూచన. ఇట్టి నవల చదువునప్పుడు ప్రక్కన నొక కాగితము నుంచుకొనుడు. నిలువున గీతగీసి, ఎడమవైపున "నాకు దెలిసినది" అనియు, కుడివైపున "నేను తలచునది" అనియు వ్రాయుడు. మాగ్నస్ యింటికి బాలికలు వచ్చుట ఎడమ ప్రక్కకు జెందును. మాగ్నస్ నవ్వులో కుట్ర యున్నదనుట కుడి ప్రక్కకు జెందును. చివరి ప్రకరణమునకు ముందు మీరనుమానించువారి పేరును, కారణములను వ్రాసి, తరువాతనే పుట త్రిప్పుడు. మీ కుడి ప్రక్క యెంత పొడుగుగా నున్నదో చూచుకొని మీరే యాశ్చర్యపడుదురు. మేము పడితిమి.

ఆ కాగితమును పుస్తకముతోబాటు మూసివేయకుడు. రేపు మీ తరగతిలో కలము పోవును, గడియారము పోవును, ఎవనిపేరో యెవరో గుసగుసలాడుదురు. ఆ పేరు సామాన్యముగా ధనికునిది కాదు, మాటకారిది కాదు, స్నేహితులు గలవానిది కాదు. అప్పుడా నిలువుగీతను మనస్సులో గీసికొని, "నాకు దెలిసినదేమి?" అని యొక్కసారి యడుగుకొనుడు. ఉపాధ్యాయులును, తల్లిదండ్రులును ఆ ప్రశ్నను పిల్లలకంటె ముందుగా నడిగినచో మరియు మేలు.

షెట్లాండులో నేటికిని జనవరి చివరి మంగళవారమున 'అప్ హెల్లీ ఆ' యను నుత్సవము జరుగును. సుమారు వేయిమంది కాగడాలు పట్టి లెర్విక్ వీధులలో నడచి, తాము నెలలతరబడి శ్రమించి కట్టిన యోడను తుదకు దగ్ధము చేయుదురు. కథలోని ముఖ్యఘట్ట మొకటి ఆ రాత్రియే జరుగును. అన్ని కాగడాలు వెలుగుచున్నను, ఆ గుంపులో నెవరి మొగమెవరిదో గుర్తింపలేని చీకటి యుండును. పదిమంది చేతులెత్తి చూపినంతమాత్రమున వెలుగు రాదు. నెమ్మదిగా ఒక్కడు దీపము పట్టుకొని దగ్గరకు బోయి చూడవలయును. ఆ యొక్కడు మన బడిలో నుండవలయునని మా కోరిక.